మాసిన వస్త్రమునకు రంగు పట్టునా? నీరసమునకు హార్మోను సూదిమందు

పెడనలో అద్దకపు పని ఎఱిగినవారికి ఒక విషయమును వేరుగా బోధింపనక్కరలేదు. నేతబట్టను ముందుగా ఉదికి, గంజి పోగొట్టి, కరక్కాయ కషాయములోను పాలలోను తడిపి ఆరబెట్టిన పిమ్మటనే దానిపై అచ్చు వేయుదురు. పటిక అద్దినచోట కాపులో ఎఱుపు పట్టును. బెల్లము, ఇనుపముక్కలు ఊరవేసిన నీరు అద్దినచోట నలుపు పట్టును. ఏదియు అద్దనిచోట ఎంత కాచినను రంగు నిలువక కాలువనీటిలో కొట్టుకొనిపోవును. రసాయన వాజీకరణ విధులను చెప్పు సందర్భములో అష్టాంగహృదయకారుడైన వాగ్భటుడు ఈ అద్దకపువాని ఉపమానమునే తీసికొనెను. శోధనము జరుగని దేహమునకు చేసిన రసాయనము గాని, వాజీకరణము గాని, మాసిన బట్టకు వేసిన రంగువలె నిష్ఫలమని ఆయన తాత్పర్యము. సుశ్రుతమునందును ఇదే భావము కలదు.

ఈ ఉపమానమును నేడు తలచుకొనవలసిన అవసరము వచ్చినది. నలుబది దాటిన గృహస్థుడు "ఒంట్లో ఓపిక ఉండుట లేదు" అన్నంతనే "మీకు టెస్టోస్టిరాన్ తగ్గినది, సూదిమందు మొదలుపెట్టుకొనుడు" అను ఉపదేశము సులభముగా లభించుచున్నది. సెల్‌ఫోను వీడియోలలో, జిమ్ములలో, స్నేహితుల ముచ్చట్లలో ఈ ఉపదేశకులు ఉన్నారు. వారిలో కొందరు మరింత చతురులు. "ఇది క్రొత్తది కాదు, మన చరకుడు చెప్పిన వాజీకరణమే. క్షీణించిన శుక్రధాతువును, ఓజస్సును తిరిగి నింపుటయే" అని శాస్త్రమును సాక్షికి పిలుచుచున్నారు. సరుకు అమ్ముకొనువాడు తన సరుకును పొగడుకొనుట లోకసహజము. ఆ పొగడ్తకు ఆర్షవాఙ్మయమును హామీదారుగా నిలుపుట మాత్రము సహింపరానిది.

ముందుగా న్యాయముగా చెప్పవలసిన మాట ఒకటి కలదు. టెస్టోస్టిరాన్ అనునది బూటకపు పదార్థము కాదు. 1935లో ఆమ్‌స్టర్‌డామ్ నగరమున ఎర్నెస్ట్ లాక్వర్ బృందము ఎద్దు వృషణముల నుండి దానిని వేరుచేసెను. అదే సంవత్సరము బుటెనాంట్, రుజిచ్కా అను శాస్త్రజ్ఞులు దానిని ప్రయోగశాలలో తయారుచేసిరి. 1939లో వారికి రసాయనశాస్త్రమున నోబెల్ బహుమతి లభించెను. గవదబిళ్ళలు వచ్చినప్పుడు వృషణములు వాచి చెడిపోయినవారు, పీయూషగ్రంథిలో కంతి ఉన్నవారు, పుట్టుకతోనే ఒక ఎక్స్ క్రోమోజోము అధికముగా ఉన్నవారు, వీరికి ఈ హార్మోను మధుమేహరోగికి ఇన్సులిన్ వంటిది. "ఇది బ్రహ్మచర్యమునకు విరుద్ధము, ముట్టరాదు" అని వీరిని భయపెట్టు ధార్మికులు కూడ తప్పుదారిలోనే ఉన్నారు. వృద్ధుడైన చ్యవనమహర్షికి అశ్వినీదేవతలు యౌవనమిచ్చిరి. ఆ మహర్షి కృతజ్ఞుడై, వైద్యులని చిన్నచూపు చూడబడిన ఆ దేవతలకు ఇంద్రుని ఎదిరించి సోమభాగము ఇప్పించెను. ఔషధసేవ దోషమైనచో ఈ కథయే లేదు. నిజమైన లోపము ఉన్నట్లు నిర్ణయమైనవారు నిశ్చింతగా వైద్యుని మాట వినవలెను. వివాదము వారితో కాదు.

వివాదమెల్ల, నీరసమును చూచినంతనే హార్మోను లోపమును ఊహించువారితో. ఇది తర్కశాస్త్రము చదువ మొదలుపెట్టిన బాలునకు సైతము తెలిసిన హేత్వాభాసము. పొగ ఉన్నచోట నిప్పు ఉన్నదని ఊహింపవచ్చును. నిప్పు ఉన్నచోటనెల్ల పొగ ఉన్నదనరాదు, ఎఱ్ఱగా కాలిన ఇనుపగుండులో నిప్పే గాని పొగ లేదు. హార్మోను తగ్గినవానికి నీరసము కలుగవచ్చును, నిజమే. అంతమాత్రమున నీరసించినవానికెల్ల హార్మోను తగ్గినదనుట సవ్యభిచార హేతువు. థైరాయిడ్ మందగించినను నీరసమే, రక్తము తక్కువైనను నీరసమే, మధుమేహము బయటపడకున్నను, మూత్రపిండములు చెడినను, మనస్సు క్రుంగినను నీరసమే. పాలు పెరుగు కూడ అంతంత మాత్రముగా తీసికొను శాకాహారులలో విటమిన్ బి12 లోపము తఱచు. కాళ్ళు తిమ్మిరులెక్కుట, మతిమఱపు, అలసట దాని గుర్తులు. నియమముగా ఉపవాసములు చేయు భక్తులు దీనిని ప్రత్యేకముగా గమనించవలెను.

కృష్ణా డెల్టా దిగువన నీరసము ఎక్కడి నుండి వచ్చునో చూచుటకు దూరము పోనక్కరలేదు. గుంటమగ్గములో కాళ్ళు దించి పొద్దంతయు కూర్చుండు నేతగాని మెడ, నడుము, కన్ను సాయంకాలమునకు ఏ స్థితిలో ఉండునో వాని ఇల్లాలికి తెలియును. రొయ్యల చెరువు గట్టుపై కాపలా ఉండు రైతు సంగతి మరొకటి. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు పడిపోవునను భయముతో ఏరేటర్లు ఆగకుండ చూచుకొనుచు, కరెంటు పోయినచో జనరేటరు వద్దకు పరుగెత్తుచు, పంటకాలమంతయు సరియైన నిద్ర ఎఱుగడు. వాడు పగటిపూట తూగుచుండుట వింత కాదు. చరకుడు సూత్రస్థానములో ఓజఃక్షయమునకు కారణములు చెప్పుచు అతిశ్రమను, చింతను, భయశోకములను, రూక్షమైన అల్పాహారమును పేర్కొని, ప్రజాగరమును, అనగా రాత్రి మేల్కొనుటను కూడ చేర్చెను. 2011లో ప్రకటితమైన ఒక పరిశోధనలో ఆరోగ్యవంతులైన యువకులను ఒక వారము రాత్రికి 5 గంటలు మాత్రమే నిద్రపోనిచ్చిరి. వారి పగటి టెస్టోస్టిరాన్ నూటికి 10 నుండి 15 వంతులు పడిపోయెను. కావున చెరువు గట్టున మేల్కొన్న రైతు రక్తము పరీక్షించినచో అంకె తక్కువ రావచ్చును. ఆ అంకెను చూచి సూది పొడుచుట నిద్రలేమికి సూది పొడుచుటయే. (శివరాత్రి జాగరణము మఱునాడు రక్తమిచ్చి, కాగితము చూచుకొని కుమిలిపోవు భక్తులు కూడ ఉండవచ్చును!) అట్లే స్థూలకాయము, అదుపులో లేని చక్కెరవ్యాధి ఈ హార్మోనును తగ్గించును. బరువు తగ్గినచో అనేకులలో అదియే పెరుగును. గురక పెట్టి నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చువానికి ఈ మందు ఇచ్చినచో ఆ జబ్బు ఇంకను ముదురవచ్చును. వాగ్భటుని మాసిన బట్ట ఇదియే. మురికి వదలింపక రంగు తొట్టిలో ముంచుచున్నారు.

"ఫలితము కనబడుచున్నది గదా" అని వాదింతురు. ఫలితమునకు ప్రమాణమేమి? 2016లో అమెరికాలో జరిగిన ఒక పెద్ద పరీక్ష ఫలితములు వెలువడినవి. 65 ఏండ్లు పైబడి, రక్తములో హార్మోను నిజముగానే తక్కువగా ఉన్న 790 మంది పురుషులలో కొందరికి ఒక సంవత్సరము టెస్టోస్టిరాన్ లేపనము, కొందరికి మందు లేని ఉత్త లేపనము ఇచ్చిరి. దాంపత్యవిషయమున మధ్యస్థమైన మేలు కనబడెను. మనస్సు తేరుకొనుటలో కొద్ది మేలు కనబడెను. ఉత్సాహము, ఓపిక అను విషయములో మాత్రము ఉత్త లేపనమును మించి చెప్పుకోదగిన లాభము తేలలేదు. సాధకులు ఈ వాక్యమును మఱియొకసారి చదువవలెను. లోపము నిరూపితమైన వృద్ధులలోనే ఓపికకు స్పష్టమైన ఫలము కనబడలేదన్నచో, లోపమే నిరూపితము కాని నలుబది ఐదేండ్ల వానికి ఓపిక కొఱకు దీనిని ఆరంభించుటకు ఆధారమెక్కడ? అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2015లోనే ఈ మందుల పత్రములను మార్పించి, వయస్సు వలన మాత్రమే తగ్గిన హార్మోనుకు దీని మేలు, క్షేమము నిర్ధారితములు కావని వ్రాయించెను.

ఉత్త లేపనముతో కూడ కొందరికి ఓపిక వచ్చునా అన్నచో, వచ్చును. భావనాబలము అటువంటిది. 1889లో పారిస్ నగరమున 72 ఏండ్ల బ్రౌన్ సెకార్ అను ప్రఖ్యాత వైద్యశాస్త్రజ్ఞుడు కుక్కల, గినీపందుల వృషణముల నుండి తీసిన రసమును తనకు తానే ఎక్కించుకొని, యౌవనము తిరిగి వచ్చినదని సభలో ప్రకటించెను. ఆ నీటి రసములో పనిచేయదగినంత హార్మోను ఉండదని తరువాత తేలినది. 1934లో ఐర్లండు కవి యేట్స్ యౌవనమును కోరి లండనులో శస్త్రచికిత్స చేయించుకొనెను. అది శుక్రవాహికను బంధించుట మాత్రమే. క్రొత్త శక్తి వచ్చినదని ఆయన కడదాక నమ్మెను. తమాషా ఏమనగా, ఆ తరువాతనే పురోహిత్ స్వామితో కలిసి దశోపనిషత్తులను ఆంగ్లములోనికి తెచ్చెను. ఉపనిషత్తులను అనువదించుచు కూడ దేహయౌవనము వదలని ఆశ అది. మహాకవులకే తప్పనప్పుడు సామాన్యులను నిందించి ఏమి లాభము? నిందింపవలసినది ఆ ఆశతో వ్యాపారము చేయువారిని.

ఇప్పుడు శాస్త్రమును సాక్షికి పిలిచినవారి సంగతి. శుక్రధాతువు, ఓజస్సు, టెస్టోస్టిరాన్ ఒకటే అనువారు ముందుగా ఆ ఐక్యమును ఎక్కడ చదివిరో చెప్పవలెను. శుక్రము రసాది సప్తధాతువులలో చివరిది, అన్నము క్రమముగా పరిణమించి ఏర్పడునది. ఓజస్సు ధాతువులన్నిటి సారము. టెస్టోస్టిరాన్ రక్తములో అత్యల్పమాత్రలో తిరుగు ఒక రాసాయనిక సందేశము. అవి ఒకటే అనుట చరకునికి తెలియదు, నోబెల్ పొందిన రుజిచ్కాకు తెలియదు, ప్రకటన వ్రాసినవానికి మాత్రమే తెలిసినది.

అంతకంటె ఘోరమైన విపరీతము ఇంకొకటి కలదు. చరకుడు వాజీకరణమును దేనికొఱకు విధించెను? ఆత్మనిగ్రహము కలవాడే దానిని కోరవలెనని, ధర్మార్థములు, ప్రీతి, కీర్తి దానిపై ఆధారపడినవని చెప్పి, వాటికి ఆశ్రయము సంతానమని చెప్పెను. సంతానహీనుని నీడ లేని, పండు లేని ఒంటికొమ్మ చెట్టుతో పోల్చెను. ఇప్పుడు ఈ సూదిమందు చేయునదేమి? బయటి నుండి హార్మోను వచ్చి పడగానే పీయూషగ్రంథి "ఇక నా పని లేదు" అని మౌనము వహించును. అది పంపవలసిన ఆజ్ఞలు ఆగిపోవును. వృషణములు కుదించుకొనిపోవును. బీజకణముల ఉత్పత్తి సన్నగిల్లి అనేకులలో శూన్యమగును. ఇది అరుదైన దుష్ఫలితము కాదు, మందు స్వభావమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ స్వభావమునే ఆధారము చేసికొని, ఇదే హార్మోనును పురుషుల కుటుంబనియంత్రణ సాధనముగా పరీక్షించెను. 1990లో వెలువడిన ఆ పరీక్షలో 271 మంది ఆరోగ్యవంతులకు వారమునకు 200 మిల్లీగ్రాముల చొప్పున సూదిమందు ఇయ్యగా, సగమునకు పైగా పురుషులలో బీజకణములు పూర్తిగా శూన్యమైనవి. బీజమును ఎండగట్టు మందునకు వాజీకరణమని పేరు పెట్టినవారు చరకుని తలక్రిందులు చేసినట్లే.

దివి ప్రాంతములోని మోపిదేవికి సంతానము కోరి దంపతులు వత్తురు. సుబ్రహ్మణ్యేశ్వరుని దర్శించి, పుట్టలో పాలు పోసి, మ్రొక్కుకొని పోవుదురు. ఆ భర్త నీరసమని, బలమని నెల నెలా ఈ సూది వేయించుకొనుచున్నచో, చేతితో మ్రొక్కు కట్టి అదే చేతితో దానిని విప్పుచున్నాడు. ఆ మాట అతనికి చెప్పినవారు లేరు. లోపము భార్యదేనని ఆమెను ఆసుపత్రుల చుట్టును త్రిప్పుచుందురు. ఇంతకంటె అన్యాయమేమున్నది? యయాతి తన భోగము కొఱకు కుమారుడైన పూరుని యౌవనమును అప్పు తీసికొనెను, చివరకు విరక్తుడై తిరిగి ఇచ్చివేసెను. అతడు పుట్టిన కొడుకును అడిగి తీసికొనెను. ఇతడు పుట్టబోవు కొడుకును అడుగకయే తీసికొనుచున్నాడు.

శక్తి అను పదమును వాడుకొనువారికి ఒక తెలుగువాని పేరు గుర్తుచేయవలెను. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డులో ఫిస్కేతో కలిసి కండరములలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని కనుగొనెను. జీవకణము తన శక్తిని నిలువచేసి వ్యయించు నాణెము ఆ ఏటీపీయే. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అను పోషకక్షయవ్యాధితో మరణించిరి. ఆయనకు కూడ అది సోకగా ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో బయటపడెను. తరువాత లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే మదరాసులో పాఠములు చెప్పెను. అమెరికాలో లెడర్లీ సంస్థలో ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను, అది స్ప్రూ రోగులకు ప్రాణదానమైనది. పాలిపోయి, క్షీణించి, లేచి నడువలేని ఆ సోదరుల నీరసమునకు మూలము పౌరుషలోపము కాదు. ఆ ఇంటివాడు దుఃఖించి ఊరకుండక కారణమును వెదకెను. ఆయుర్వేదమును, ఆధునిక విజ్ఞానమును రెండింటిని గౌరవించినవాడు చేసిన పని అది. రెండింటి పేర్లను ప్రకటనకు వాడుకొనువారు చేయుచున్నది వేఱు.

మందు మొదలుపెట్టుట సంకల్పము వంటిది. సంకల్పములో దేశకాలములు చెప్పి, ఏ ఫలము కొఱకు ఏ కర్మ చేయుచున్నాడో కర్త ఉచ్చరింపవలెను. లేనిచో పూజ మొదలే కాదు. ఈ మందునకు అట్టి సంకల్పము అడిగినవారెవరు? ఎప్పటివరకు? ఏ కొలతను చూచి ఆపవలెను? ఒకసారి మొదలైన పిమ్మట హఠాత్తుగా ఆపినచో, మౌనము వహించిన గ్రంథి మేల్కొనుటకు నెలలు, కొందరికి సంవత్సరమునకు పైగా పట్టును. ఆ మధ్యకాలములో మునుపటి కంటె ఎక్కువ నీరసము, దిగులు. "చూచితిరా, మందు లేనిచో నిలువలేరు" అని మరల సూది పొడుతురు. రక్తము చిక్కబడుట మఱియొక ప్రమాదము. హిమటోక్రిట్ 54 శాతము దాటినచో మందు ఆపవలెనని వైద్యుల నియమము. 2023లో వెలువడిన, ఐదువేలమందికి పైగా హృద్రోగులపైన, హృద్రోగభయము ఉన్నవారిపైన జరిగిన పరీక్షలో గుండెపోటు, పక్షవాతము ఎక్కువ కాలేదు. అది ఊరట కలిగించు మాటయే, దాచనక్కరలేదు. అయినను గుండె లయ తప్పుట, ఊపిరితిత్తులలో రక్తపుగడ్డ, మూత్రపిండములకు హఠాత్తుగా దెబ్బ మందు తీసికొన్నవారిలో కొంత అధికముగా కనబడినవి. లేపనము వాడువారు ఇంకొకటి మఱువరాదు. పూసిన భుజముపై మనుమరాలు తల ఆన్చినచో ఆ మందు పసిదేహములోనికి కూడ పోవును.

ఈ మందు వైద్యుని చీటీ లేక అమ్మరానిది. ఇక దాంపత్యశక్తిని పెంచెదమని మందుల ప్రకటనలు చేయుట 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టము క్రింద నేరము. గోడలపై, బస్సు సీట్ల వెనుక, ఇప్పుడు ఫోనులలో ఆ చట్టము ఎంత అమలులో ఉన్నదో అందఱును చూచుచునే ఉన్నారు.

నిజముగా సందేహమున్నవాడు చేయవలసినది పెద్ద కష్టము కాదు. సరిగా నిద్రపోయిన రాత్రి మఱునాడు, జ్వరము జలుబు లేనప్పుడు, ప్రొద్దుటి పూట పరగడుపున రక్తమీయవలెను. తక్కువ వచ్చినచో మఱియొక దినమున మరల ఇయ్యవలెను. ఒక్క పరీక్షపై నిర్ణయము చేయరాదు. రెండును తక్కువైనచో కారణము వృషణములలో ఉన్నదా, పీయూషగ్రంథిలో ఉన్నదా అని ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ప్రొలాక్టిన్ పరీక్షలతో చూతురు. దానితోపాటు థైరాయిడ్, చక్కెర, హిమోగ్లోబిన్, బి12 చూపించుకొనవలెను. నొప్పుల కొఱకు ట్రమడాల్ వంటి మాత్రలు రోజూ మ్రింగుచున్నచో వైద్యునికి దాచక చెప్పవలెను, అవియు ఈ హార్మోనును అణచును. బిడ్డలు కావలెనను కోరిక ఉన్నచో మొదటి మాటగా అదే చెప్పవలెను. అట్టివారికి ఈ సూది ఇయ్యక, వృషణములను మేల్కొల్పు వేఱు మందులు ఉన్నవి. ఇప్పటికే సూదిమందు మొదలుపెట్టినవారు ఇది చదివి భయపడి రేపటి నుండి ఆపివేయరాదు. విజయవాడలో అంతఃస్రావగ్రంథుల వైద్యులు ఉన్నారు, మందు పెట్టెను, పాత రక్తపరీక్షల కాగితములను వెంట తీసికొని వారి వద్దకు పోవలెను.